స్వామి అద్దం

మా ఆయనకి కోపం ముక్కు మీదే ఉండేది. మొఘల్‌పురాలో ఆయన అర్చకత్వం చేసే గుడి గల్లీ అంతటికీ ఆ గొంతు తెలుసు. పప్పులో ఉప్పు తగ్గితే కేక, గుడిమల్కాపూర్ నుంచి వచ్చిన పూలు వాడిపోయి ఉంటే కేక. కాసేపటికి తనే వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, చాయ్ పెడతావా గోదా అని నసిగేవారు. నాకూ నోరు తక్కువేం కాదు. మా కాపురం లొల్లిలొల్లిగా, బాగానే ఉండేది.

పోయిన ఏడాది మా ఆయనకి, ఈ రామానుజంగారికి, ఫోన్లో ఎవరో పెద్దమనిషి దొరికాడు. మనిషి బాగుపడాలంటే రోజూ సాయంత్రం అద్దం ముందు కూర్చోవాలట. ఇవాళ నాలో ఏ చెడ్డ గుణం కనిపించింది అని తనని తాను అడగాలట. దాని పేరు పైకి చెప్పి, అక్కడే వదిలేసి లేవాలట. మంచిదే కదా, చేసుకోనీ అనుకున్నాను. తీరా చూస్తే ఆయన కూర్చున్నది గుళ్లో, పూజలో స్వామికి చూపించే వెండి చట్రం అద్దం ముందు.

నాకు ఒళ్లు మండింది. ఆ అద్దం స్వామి ముఖం కోసం. సేవ చేసేటప్పుడు కూడా అర్చకుడు తన ముఖం అందులో పడకుండా పక్కకి వాల్చి పట్టుకుంటాడు, అవగానే పట్టుగుడ్డ కప్పేస్తాడు. మా మామగారు జీవితంలో దాంట్లోకి తొంగి చూడలేదు. అదే మాట అడిగాను.

"స్వామి ముంగట చెప్పుకుంటే తప్పేంది?" అన్నారు.

మొదట పాన్‌లో జర్దా పోయింది. తర్వాత కోపం పోయింది. నిజం చెప్పొద్దూ, సంబరపడ్డాను. ఆ తర్వాత గట్టిగా నవ్వడం పోయింది, చాయ్ మీద యావ పోయింది. మా సంహిత హాస్టల్‌కి వెళ్తూ ఆయన చెయ్యి పట్టుకుని ఏడిస్తే, ఆటో వచ్చిందని మాత్రం చెప్పారు. ఇదేమిటని నిలదీశాను. కూతురి మీద మమకారం నిన్న సాయంత్రమే వదిలేశానని నెమ్మదిగా జవాబిచ్చారు.

ఆ సాయంత్రం ఆయన గుడికి వెళ్లాక తట్టింది. ఈ మనిషిలో వదలడానికి ఇంకేం మిగిలింది, నేను తప్ప? చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

ఆయన అప్పుడే అద్దం ముందు నుంచి లేస్తున్నారు. నన్ను చూసి తీర్థం గిన్నె అందుకున్నారు.

"రండమ్మా. గోత్రం చెప్పండి."

"మీ గోత్రమే," అన్నాను.

"మంచిది. పేరు?"

చెప్పబోతూ ఆయన వెనక్కి చూశాను. ఆయన వెనక అద్దం మీద ఇంకా గుడ్డ కప్పలేదు. అందులో ఆయన వీపు కనిపించాలి కదా. కనిపించలేదు. మా ఆయనే ఎదురుగా నిలబడి నన్ను చూస్తున్నారు. పెదాలకి పాన్ ఎరుపు, మెడ మీద ఉబ్బిన నరాలు. లోపలి నుంచి అరచేతులతో అద్దాన్ని బాదుతున్నారు. చప్పుడు లేదు. గోదా, గోదా అంటున్నారని మాత్రం తెలుస్తోంది.

ఇవతలి ఆయన నెమ్మదిగా వెనక్కి తిరిగి పట్టుగుడ్డ కప్పేశారు.

ఇప్పుడూ ఇంటికి వస్తారు. ఇదే మీ ఇల్లని నేను చెప్పాను గనక వస్తారు. పెట్టింది తిని, నాకు దండం పెట్టి పడుకుంటారు.

నేను మాత్రం రోజూ సాయంత్రం సేవకి గుళ్లో ఎడమ పక్క స్తంభం దగ్గర నిల్చుంటాను. ఆచారం ప్రకారం ఆయన తన ముఖం పడకుండా అద్దం వాలుస్తారు చూడండి, అప్పుడది నావైపు తిరుగుతుంది. ఆ కాసేపట్లోనే చెప్పాల్సినవి గొణుక్కుంటాను. నిన్న కావాలనే పప్పులో ఉప్పు మానేసి, ఆ సంగతి చెప్పాను. లోపల ఆయన కస్సున లేచారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత చల్లబడి, కళ్లు దించుకుని ఏదో నసిగారు.

చాయ్ అడుగుతున్నారు.