చివరి బెంచీ నుంచి వచ్చిన సుత్తి

ఫిజిక్స్ మేడమ్ రోజూ హాజరు రెండుసార్లు వేసేది. మొదటిది అందరికీ. రెండోది, పాఠం ముగించి బోర్డు తుడిచే వేళకి చివరి బెంచీ నుంచి "ప్రెజెంట్ మేడమ్" అంటూ వచ్చే ఒక్క గొంతుకి.

కరోనా రోజుల్లో అందరూ ఇళ్లలో ఫోన్లు ముందేసుకుని చదివారు. కాలేజీ తెరిచాక ఎవరితోనూ జట్టు కుదరని ఒకడి బెంచీ కాస్త కాస్తగా వెనక్కి జరిగింది. గదీ దాంతోపాటే సాగింది. ఊడ్చే ఆమె మాత్రం, "అంత దూరం నా వల్ల కాదమ్మా!" అని సణిగేది. మొదట్లో గంటలో వచ్చే వాడి మాట, రానురాను ముందు బెంచీలకి చేరడానికి రోజులు పట్టేది. పిల్లలు వాడికి బఫరింగ్ అని పేరు పెట్టారు.

ఒకసారి వాడి సందేహం వచ్చేసరికి పాఠం అయిపోయి వారమైంది. "కదలని వస్తువు మీద కూడా బలం పనిచేస్తుందా మేడమ్?"

"ఆ బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది నాయనా," అంది మేడమ్. క్లాసంతా గొల్లున నవ్వింది.

ఆ సాయంత్రం వర్క్‌షాపు వెనక క్లాసులోని నలుగురు వాణ్ని కింద పడేసి తన్నారు. "అరవరా బఫరింగ్! ఎల్లుండి వింటాంలే!" పెదవి చీలింది, పన్ను ఊడింది. వాడు అరవలేదు. అరిచి లాభం లేదని ఎప్పుడో తేల్చుకున్నాడు.

మర్నాడు బెంచీ ఎక్కి, వర్క్‌షాపు సుత్తిని మేడమ్ తలకి గురిపెట్టి విసిరాడు.

సుత్తి గిర్రున తిరుగుతూ గాల్లో రోజుల తరబడి వస్తూనే ఉంది. ఆమె పక్కకి జరిగితే అదీ జరిగేది. తన్నిన నలుగురిలో ఒకడు సరదాకి వేలు పెడితే ఎముక పుటుక్కుమంది.

"వాణ్ని వేరే సెక్షన్‌కి తోసెయ్యండి," అన్నాడు కెమిస్ట్రీ సార్. "ఇంకా దూరమైతే అది ఎప్పటికీ చేరదు. దగ్గరికి లాగారో, మీ తల పగులుద్ది."

"లెక్క కరెక్టే సార్. దూరం తగ్గితే టైమూ తగ్గుతుంది. ఆ పాఠం చెప్పేది నేనేగా."

ఆమె క్లాసులోకి వెళ్లి, సుత్తికి ఎదురుగా నిలబడి గొంతెత్తింది. "ఆ రోజు నవ్వించాను, తప్పు నాదే. నీ సందేహం దగ్గర్నుంచే మళ్లీ మొదలుపెడుతున్నా."

బెంచీ కిర్రుమంటూ ముందుకి కదిలింది. సుత్తి బుస్సుమంది.

"మేడమ్, ఆపండి!" అని ఎవరో ఏడ్చారు.

"ఇంకెవరికైనా ఈ సందేహం ఉందా?"

ముందు వరసలో ఒకమ్మాయి లేచింది. "నాకూ ఉంది మేడమ్. నవ్వుతారని అడగలేదు." ఆమె వెనక ఇంకొకడు లేచాడు. తర్వాత వేలు విరిగినవాడు.

బెంచీ నేలని చీల్చుకుంటూ దూసుకొచ్చింది. సుత్తి మేడమ్ నుదుటి మీదకి లంఘించింది. బఫరింగ్ దాని వెనకే దూకి, అరచెయ్యి అడ్డం పెట్టాడు.

ఎముకలు పటపట విరిగాయి. బోర్డు మీది సూత్రాల మీద నెత్తురు చిమ్మింది.

"అమ్మా!"

ఆ కేక ఆ క్షణమే అందరికీ వినిపించింది.