చేర్చి వచ్చేవాడు

బండి మీది అరటిపళ్లలో ఇశ్రాయేలు బాగా మాగినవి ఏరుతున్నాడు. దారిలో కొత్తవాళ్లు ఏడిస్తే చేతిలో పెట్టడానికి అవి ఉండాలి. పచ్చివైతే తొక్క వలవలేక విసిరేస్తారు.

యాభై దాటిన మనిషి. ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. ఖాకీ చొక్కా మెడపట్టీ తిరగేసి కుట్టించినది. సంక్షేమ శాఖలో అటెండరు. బుద్ధి ఎదగనివాళ్ల కోసం శాఖ హోములు నడిపేది. పిల్లలకు ఒకటి, ఈడు దాటిన మగవాళ్లకు ఒకటి, ఆడవాళ్లకు నగరానికి ఆ చివర ఇంకొకటి. వయసు దాటినా, అయినవాళ్లు పోయినా మనిషిని చోటు మార్చాల్సిందే. ఆ మార్చే పని ఇశ్రాయేలుది. జీపు సారుకే చాలదు కాబట్టి సిటీ బస్సులోనే తీసుకెళ్లేవాడు. గేటు దగ్గర వదిలేటప్పుడు "మళ్ల వస్త" అనేవాడు. వెళ్లేవాడు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి వెళితే, ఇంటికి తీసుకుపోవడానికే వచ్చాడనుకుని ఒక పిల్లవాడు చెప్పులేసుకుని నిలబడ్డాడు. భార్య పోయినప్పటి నుంచి ఇశ్రాయేలు ఇంట్లోనూ పెద్దగా మాట్లాడే అవసరం లేదు.

మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడ వెనక, బండలు కొట్టేవాళ్ల గుడిసెల్లో ఎల్లమ్మది చివరిది. ఆమె కాళ్లు పుల్లల్లా ఉన్నాయి, కడుపు మాత్రం ఉబ్బింది. దవాఖానలో ఇక చేసేదేమీ లేదని పంపేశారు. కూతురు పోచమ్మకు ముప్పై ఏళ్లుంటాయి, మాటా నవ్వూ మూడేళ్ల పిల్లవి. ఆమె కోసం ఎల్లమ్మ ఎప్పుడో అర్జీ పెట్టుకుంది. ఇన్నాళ్లకు ఆడవాళ్ల హోములో ఒక మంచం ఖాళీ అయింది. ఎలా ఖాళీ అయిందని ఎల్లమ్మ అడగలేదు.

ఇశ్రాయేలు వచ్చేసరికి కూతురికి తలంటి, నడుము దాకా జడ వేసింది.

"అన్నం మెత్తగ పిసికి పెట్టాలె. లేకుంటే గొంతుల పడ్తది. జర చెప్తవా అన్నా?"

"చెప్త."

"మాపటికి వచ్చి, తిన్నదో లేదో చెప్పి పో. గంతే."

"వస్త," అన్నాడు ఎప్పటిలాగే.

"అమ్మా, నువ్ రావా?" అంది పోచమ్మ.

"నువ్ నడువు బిడ్డా, నేనొస్త."

బస్సులో పోచమ్మ పండు తిని, ఇశ్రాయేలు భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నోటి తడికి చొక్కా తడిసింది. ఆ భుజం మీద ఎవరైనా నిద్రపోయి ఎన్నేళ్లయిందో. దిగాల్సిన స్టాపు వచ్చినా అతను లేపలేదు. చివరి స్టాపులో దిగి వెనక్కి నడిపించుకొచ్చాడు.

హోములో ఆయా కత్తెర పట్టుకుని ఉంది.

"ఇక్కడ అందరికీ తీసేస్తామండి. పేలు పడితే చూసేదెవరు? ఉన్నది ఇద్దరమే."

ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. జడ కింద పడింది. పోచమ్మ ఏడవలేదు. వంగి జడ తీసుకుని, నెత్తి మీద పెట్టి రెండు చేతులతో అదుముకుంది. చేతులు తీస్తే జారిపోయింది. మళ్లీ పెట్టుకుంది.

"అన్నం మెత్తగ పిసకాలంట," అన్నాడు ఇశ్రాయేలు.

"అందరికీ ఒకటే వంటండి."

గేటు దగ్గర "మళ్ల వస్త" అనకుండానే బయటికి నడిచాడు.

ఇంటి బస్సు వచ్చింది. ఎక్కలేదు. మాదాపూర్ వైపు పోయే బస్సు ఎక్కాడు. మంచిగ తిన్నదని చెప్పాలి. నవ్విందని చెప్పాలి. జుట్టు సంగతి ఎత్తకూడదు. దారి పొడుగునా అవే మాటలు కూర్చుకున్నాడు.

గుడిసె ముందు నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. కడప నుంచి బండల పనికి వచ్చిన పక్క గుడిసె ఓబులమ్మ అతన్ని గుర్తుపట్టింది.

"మీరు పోయినాక పండుకునింది. మళ్ల లెయ్యలేదన్నా. ఇంతకుముందే చూసినాం."

ఇశ్రాయేలు గడప దగ్గరే ఆగిపోయాడు.

"పిల్ల తినిందా అన్నా?" అంది ఓబులమ్మ.

"తిన్నది," అన్నాడు. "మంచిగ తిన్నది."

లోపల చాప మీద ఎల్లమ్మ పక్కకు తిరిగి, గోడ వైపు సగం చోటు వదిలి పడుకుని ఉంది. చేతికి చీర పేలిక ముడి వేసి ఉంది. రాత్రిళ్లు కూతురు లేచి బండల్లోకి పోకుండా ఇద్దరి చేతులకూ కట్టుకునేదని ఓబులమ్మ చెప్పింది. ఈ పొద్దు ఒక్కతే పడుకుంటూ కూడా కట్టుకుందట. పేలిక రెండో కొస, ఒక చెయ్యి పట్టేంత ముడితో, ఆ ఖాళీ సగంలో పడి ఉంది.