స్వల్ప ప్రతికూల చర్యలు

బుధవారం మధ్యాహ్నం నర్సు ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. అప్పుడే తుడిచిన నేల. మామూలుగా అయితే వదిన ఊరుకునేది కాదు. ఆడపడుచు మొహం చూసి, నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

"ఎంతమంది వచ్చారు?"

"ఇద్దరు. అందులో ఒకాయన బీపీ చూస్తారేమోనని వచ్చాడు."

వీధి చివర మేడ కింది గదిలో ప్రతి బుధవారం నర్సు పిల్లలకు టీకాలు వేస్తుంది. రెండు నెలల క్రితం దాకా గుమ్మం బయట కూడా జనం నిలబడేవారు. ఇప్పుడు పక్కవీధిలో ముగ్గురు పిల్లలకు తట్టు పోసింది. సరిగ్గా పరిగెత్తుకు రావలసిన రోజుల్లోనే గది బోసిపోయింది. పెద్ద డాక్టరమ్మ ఆ ఉదయమే కబురు పెట్టింది: వచ్చే బుధవారం పదిమందైనా రాకపోతే ఆ గది మూసేస్తారట. ఆపైన టీకా కావాలంటే రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి పోవాలి. చంకలో బిడ్డతో అంత దూరం పోయేదెవరు?

"ఏం చేశానో తెలీదు వదినా. నన్ను చూస్తే తలుపులేసుకుంటున్నారు."

"అడక్కపోయావా?"

"అడిగితే నవ్వి, టీ తాగి వెళ్ళమంటారు."

వదినకు ఆడపడుచు ఏడిస్తే చూడడం చేతకాదు. ఏడుపు ఆపడం అంతకన్నా చేతకాదు. అందుకని లేచి, ఒక మంచి దిండు గలీబు తీసి, కత్తెరతో దాని కుట్టు జానెడు విప్పింది. ఆ గలీబు పట్టుకుని దర్జీ కొట్టుకు బయల్దేరింది. ఊరికే వెళ్ళి కబుర్లాడితే అనుమానిస్తారు. చేతిలో చిరిగిన గుడ్డ ఉంటే ఎంతసేపైనా కూర్చోవచ్చు.

దర్జీ రెండేళ్ళ కూతురు మిషను పక్కన గుడ్డపీలికల్లో ఆడుకుంటోంది.

"పాపకి టీకా వేయించావా?" అంది వదిన, దారంరీళ్ళు చూస్తున్నట్టు నటిస్తూ.

దర్జీ మిషను ఆపాడు. వీధిలోకి ఓసారి చూసి, గొంతు తగ్గించాడు. "నీకు తెలీదా వదినా? వేయించుకున్నవాళ్ళ మీద చర్య తీసుకుంటున్నారు."

ఆ వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె వదినే. అందుకే అతను ఫోను తీసి చూపించాడు కూడా. ఆరోగ్యశాఖ వెబ్‌సైటులో రెండు నెలల క్రితం పెట్టిన పేజీ. పైన ముద్ర, కింద నవ్వుతున్న పసిబిడ్డ బొమ్మ, మధ్యలో నల్లటి అక్షరాలు: 'టీకా స్వీకరించిన వారిపై స్వల్ప ప్రతికూల చర్యలు ఉండవచ్చును. అట్టి చర్యలు రెండు దినములలో ముగియును. తీవ్ర చర్యలు అరుదు.'

"చూశావా? మాది అద్దిల్లు వదినా. ఉన్న కాగితాలు సగమే. చర్యంటే ఎక్కడిదాకా పోతుందో!"

"రెండ్రోజుల్లో ముగుస్తాయని ఉందిగా?"

"రెండ్రోజులు నన్ను లోపలేస్తే ఈ బట్టలు ఎవడు కుడతాడు? పైగా తీవ్ర చర్యలు అరుదట. అరుదంటే ఉన్నట్టేగా!"

వదిన పెదవి కొరుక్కుంది. ఆ మూడు వాక్యాలకు అంతకన్నా తిన్నని అర్థం ఎవరూ చెప్పలేరు. సైడ్ ఎఫెక్ట్స్ అంటే వీధిలో ప్రతివాడికీ తెలుసు. ఆ మాటను ఏ మహానుభావుడో పట్టుకుని తోమి, ఇస్త్రీ చేసి, పోలీసు స్టేషనులో కూర్చోబెట్టాడు.

"సూది వేసిన చోట నొప్పి, కాస్త జ్వరం. వాళ్ళు చెప్పేది దాని గురించయ్యా."

"నువ్వు చెబితే నమ్ముతాను వదినా. కానీ గవర్నమెంటువాళ్ళు ఇలా రాసిపెట్టారే!"

నమ్మకం అంతా ఆ పేజీ మీదే ఉందన్నమాట. అయితే మారాల్సింది జనం కాదు, పేజీ.

మర్నాడు పొద్దున్నే వంట ముగించి, వదిన ఆరోగ్యశాఖ ఆఫీసు మూడో అంతస్తు ఎక్కింది. వెబ్‌సైటు ఆఫీసరు పెద్దమనిషి. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, ఆమె చెప్పినదంతా విని తల అడ్డంగా ఊపాడు.

"ఆ భాష నేను స్వయంగా దిద్దానమ్మా. మూడు సంతకాలయ్యాయి."

"భాష బ్రహ్మాండంగా ఉంది సార్. జనం హడలిపోతున్నారు."

"అపార్థం చేసుకుంటే మనమేం చేస్తాం? 'ప్రతికూల చర్య' అంటే శరీరంలో జరిగే చర్య. ఎవరికైనా తెలుస్తుంది."

"అయితే ఎవరినైనా అడుగుదాం." వదిన పక్క బల్ల దగ్గరున్న టైపిస్టు వైపు తిరిగింది. "ఏమ్మా, ఈ వాక్యం చదివితే నీకేమనిపిస్తుంది?"

టైపిస్టు ఆఫీసరు వైపు చూసింది. ఆఫీసరు ధైర్యంగా తల ఊపాడు.

"ఉద్యోగం పోతుందేమో అనిపించింది సార్. టైపు చేస్తున్నప్పుడే. మా బాబుకి ఇంకా వేయించలేదు."

ఆఫీసరు కుర్చీని ఆమె వైపు తిప్పాడు.

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు సార్."

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు. చివరికి, "సైడ్ ఎఫెక్ట్స్ అని ఇంగ్లీషు మాట పెడితే పరువు పోతుందమ్మా," అన్నాడు నీరసంగా.

"జ్వరం అని పెట్టండి. నొప్పి అని పెట్టండి. అవి మన మాటలే."

అప్పుడు మొదలైంది అసలు పని. వదిన చెబుతోంది, టైపిస్టు కొడుతోంది, ఆఫీసరు 'స్వీకరించిన' అనే మాటను కాపాడుకోవాలని చూసి ఓడిపోతున్నాడు. జనం ఎలా అడుగుతారో అలాగే ప్రశ్నలు రాయించింది. సూది వేస్తే జ్వరం వస్తుందా? కొందరికి వస్తుంది, తగ్గిపోతుంది. తగ్గకపోతే? నర్సుకు చెప్పండి. తట్టు వస్తే ఏమవుతుంది? కొందరు పిల్లలకు ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ప్రాణం మీదికి రావచ్చు, అందుకే టీకా.

"అన్నిటికన్నా పైన ఇంకొకటి," అంది వదిన. "టీకా వేయిస్తే నా మీద చర్య తీసుకుంటారా?"

"ఇది ఆరోగ్యశాఖ పేజీయా, కోర్టా?"

"జవాబు చెప్పండి సార్."

ఆఫీసరు గట్టిగా ఊపిరి పీల్చుకుని, తన ఉద్యోగ జీవితంలోకెల్లా పొట్టి వాక్యం పలికాడు. "తీసుకోరు."

మూడు సంతకాలూ ఆయనే స్వయంగా తిరిగి సంపాదించాడు. శనివారం సాయంత్రానికి పేజీ మారింది. ఆ మొదటి ప్రశ్న చూసి జనం పడీపడీ నవ్వారు. నవ్వినవాడల్లా ఇంకొకరికి పంపాడు. దర్జీకి అది ఏడుగురి దగ్గర్నుంచి వచ్చింది. ఎనిమిదోసారి అతనే వదినకు పంపాడు, తనే కనిపెట్టినట్టు.

బుధవారం తొమ్మిదింటికి పెద్ద డాక్టరమ్మ గది మూయించే కాగితం చేతబట్టుకుని కారు దిగింది. దిగిందేగానీ లోపలికి పోవడానికి దారి లేదు. వరస గుమ్మం దాటి, బేకరీ దాటి, మలుపు తిరిగిపోయింది. అందరికన్నా ముందు దర్జీ, భుజం మీద కూతురు. వెనకాల టైపిస్టు, చంకలో బాబు.

"జరగండి, నేను డాక్టర్ని!"

"అందరికీ తొందరేనమ్మా, వరసలో రండి," అన్నాడు దర్జీ వెనక్కి తిరక్కుండా.

పదకొండింటికి నలభై ఆరుమంది అయ్యారు. మందు పెట్టె అడుగంటింది. డాక్టరమ్మే డ్రైవరును కేక వేసి, ఇంకో పెట్టె తెమ్మని కారు పంపింది. ఆ తర్వాత బల్ల దగ్గర కుర్చీ లాక్కుని, చేతిలో కాగితం తిరగేసి, వెనకవైపు పిల్లల పేర్లు రాయడం మొదలుపెట్టింది.

"శనివారం కూడా తెరవాలి," అంది రాస్తూనే. "బుధవారం ఒక్కటీ చాలదు."

నర్సు చేతిలో సూది అలాగే ఉంచుకుని, గుమ్మంలో నిలబడ్డ వదిన వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు, మొహమంతా నవ్వు.

"నన్ను చూస్తావేంటే," అంది వదిన. "అటు ఆ పిల్లాడు చెయ్యి లాక్కుంటున్నాడు చూడు!"

నర్సు పిల్లాడి చెయ్యి పట్టుకుని సూది వేసి, వీధి చివరిదాకా వినబడేలా అరిచింది: "తర్వాతి వాళ్ళు రండి!"