కుడి పేజీ శేషన్నది

శేషన్న పోయిన పదహారో రోజున ఖాసిం సాబ్ ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాడు. చేతిలో ఖాళీ సంచి. వచ్చేటప్పుడు అందులో ఒక నోటుబుక్కు ఉండాలి.

ఇద్దరూ చరిత్ర పాఠం చెప్పినవాళ్లే. ఒకే కాలేజీలో, ఎదురెదురు బల్లల దగ్గర ఇరవై ఆరేళ్లు కూర్చున్నారు. ఈయన ఎడ్డెమంటే ఆయన తెడ్డెమనేవాడు. అలాంటివాళ్లు రిటైరయ్యాక నెహ్రూ మీద కలిసి పుస్తకం రాద్దామనుకున్నారంటే విన్నవాళ్లు నవ్వరా మరి!

దానికి వాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. దళసరి నోటుబుక్కులో ఎడమ పేజీ ఖాసిం సాబ్‌ది, తొలి ప్రధానిని సమర్థించడానికి. కుడి పేజీ శేషన్నది, నిలదీయడానికి. ఒకరి పేజీలో ఒకరు వేలు పెట్టకూడదు. జవాబు రాయకుండా పేజీ తిప్పకూడదు. ఒక ఆదివారం ఈయన ఎమ్మిగనూరు పోయి ఇచ్చి రావాలి, మరో ఆదివారం ఆయన ఆదోనికి తెచ్చివ్వాలి. ఆరేళ్లు అలాగే నడిచింది.

ఈయన తుంగభద్ర ఆనకట్ట మీద నాలుగు పేరాలు రాస్తే ఆయన ఒక్క ముక్కతో కొట్టేసేవాడు: "కాలువ వచ్చింది సరే, కోసిగి జనం వలసకు మూటలు కట్టడం ఎప్పుడు మానినారు?" ఈయన ఫ్యాక్టరీల గురించి రాస్తే, మగ్గం ముందే ముసలివాడైపోయిన తన తండ్రిని తెచ్చి ఎదురు నిలబెట్టేవాడు. ఖాసిం సాబ్‌కి ఒళ్లు మండేది. ఆ మంటతోనే వారమంతా కూర్చుని చదివేవాడు.

ఇక మిగిలింది ఆఖరి అధ్యాయం, తీర్పు. "మొత్తం మీద నెహ్రూ ఈ దేశాన్ని నిలబెట్టాడు" అని ఖాసిం సాబ్ తన పేజీ ముగించి, రెండు నెలల కిందట ఇచ్చి వచ్చాడు. అంతలో శేషన్న ఆస్పత్రి పాలయ్యాడు. జవాబు రాశాడో లేదో తెలియదు. అది లేకపోతే పుస్తకం సగంలో ఆగినట్టే. ఇంట్లో చదివి వినిపిద్దామంటే మహమూదా బీ సగం వినకముందే "మీరు రాసిందే కరెక్టు" అనేస్తుంది. పాపం, ఆమెకు మొగుడంటే అంత నమ్మకం.

శేషన్న కూతురు సుకన్య గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"రాండి చిన్నాయనా. ఇదిగో, మీ బుక్కు. ఆస్పత్రిలో గూడా తలకిందనే పెట్టుకున్నాడు నాయన."

"రాసినాడా అమ్మా?"

"ఆఖరినాడు పెన్ను అడిగి రాసినాడు. ఏం రాసినాడో నేను సూడలేదు. మీ ఇద్దరి మద్దెన మాకేం పని?"

ఇల్లు చేరేదాకా ఆగలేకపోయాడు. బస్టాండులో బెంచీ మీద కూలబడి తెరిచాడు. కుడి పేజీలో అక్షరాలు వంకరపోయి ఉన్నాయి.

"ఖాసిం, నువ్వు చెప్పిందే నిజం. ఒప్పుకుంటున్నా."

అంతే. ఈ మాట కోసం ఇన్నేళ్లు కాచుకున్నాడు. సంతోషించాల్సింది పోయి కోపం ముంచుకొచ్చింది. జాలిపడి రాశాడా, ఓపిక లేక రాశాడా, నిజంగానే అనుకున్నాడా? ఎవరిని అడగాలి? తన మాట కాదనేవాడు ఈ లోకంలో ఒక్కడూ మిగల్లేదు. ఇంత ఒంటరితనం ఆయన ఎప్పుడూ ఎరగడు.

ఎదుటి బెంచీ దగ్గర చాపలు, వంట సామాన్లు మూటలు కట్టుకుని నాలుగు కుటుంబాలు కూర్చున్నాయి. ఊరికే ఉండలేక ఒకామెను పలకరించాడు.

"యాడికమ్మా?"

"గుంటూరికి సాబ్, మిరపకాయలు కోయనీకి. మాది కోసిగి పక్కన."

ఖాసిం సాబ్ ఆమె మూటల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత పెన్ను తీసి, ఆరేళ్లలో మొదటిసారి నియమం తప్పాడు. కుడి పేజీలో, స్నేహితుడి గీతల కింద, శేషన్న ఎలా అడుగుతాడో అలాగే రాశాడు: "దేశాన్ని నిలబెట్టినాడు సరే. మరి ఈ బస్టాండులో కూర్చున్నోళ్లు ఏ దేశమోళ్లు ఖాసిం?"

ఇప్పుడు జవాబు రాయాల్సింది ఎడమ పేజీవాడు. పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆదోని బస్సు వచ్చింది, పోయింది. ఇంకొకటి కూడా పోయింది. ఎడమ పేజీ ఖాళీగానే ఉంది.

ఖాసిం సాబ్ ఓడిపోయాడు. ఆ సంగతి చెబుదామంటే శేషన్న లేడు.