కోతకు పోయే అంచు

మా ప్రెస్సుకు వచ్చే ఫైళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బొమ్మలు గీసేవాళ్ళకు కంప్యూటర్ తెర తప్ప లోకంలో ఇంకేమీ ఉన్నట్టు తోచదు. తెర మీద నిగనిగలాడే నీలం కాగితం మీదికి వచ్చేసరికి ముసురు పట్టినట్టు అయిపోతుంది. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితానికి ఆ వెలుగు లేదు, సిరాయే గతి. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా గోడకు చెప్పినట్టే. ఫోన్లోంచి లాగిన బొమ్మ పంపించి గోడంత పోస్టరు కొట్టమంటారు. అది మసక మసకగా వస్తే నా మీద విరుచుకుపడతారు. వచ్చిన ఫైల్లో తప్పులు సరిచేసి, రంగులు సిరాకు తగ్గట్టు మార్చి, కొలతలు చూసి అచ్చు ప్లేటు చేయడానికి పంపించడం నా పని. తిట్టుకోవడం కూడా అందులో భాగమేనని మావాళ్ళంతా ఎప్పుడో ఒప్పేసుకున్నారు.

తిట్టుకోకుండా తెరిచే ఫైళ్ళు ఒక్క అక్కవే. అక్క పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. పుస్తకం అచ్చయ్యాక కాగితాలను దొంతరగా పెట్టి అంచులు కోస్తారు. కత్తి వెంట్రుకవాసి అటో ఇటో జరుగుతుంది. బొమ్మ సరిగ్గా అంచు దగ్గరే ఆగిపోతే, కత్తి జరిగినచోట తెల్లటి చార పడుతుంది. అందుకని కోతగీత దాటి చుట్టూ మూడు మిల్లీమీటర్ల బొమ్మ ఎక్కువగా వేయాలి. దాన్ని బ్లీడ్ అంటాం. కోశాక అది పోయేది చెత్తబుట్టలోకే. అందరూ అక్కడ ఏదో ఒక రంగు పూసి వదిలేస్తారు. అక్క అక్కడ కూడా గడ్డిపరకలు వేసేది. ఒకసారి చీమను వేసింది. "కోసి పారేసేచోట చీమ ఎందుకక్కా?" అంటే, "దాని దారి అటే మరి," అంది.

ఈసారి పుస్తకం ఇల్లు తప్పిపోయిన ఒక పిల్లి కథ. వానలో వీధులన్నీ తిరిగి, గోడలెక్కి, కిటికీల్లోకి తొంగిచూసి, చివరికి ఎవరింట్లోనో నిద్రపోతుంది. అక్క ఏడాదిగా దానితో కుస్తీ పడుతోంది. ముందుగా చూపించిన నాలుగు బొమ్మలు పబ్లిషర్ గారికి తెగ నచ్చేశాయి. ఇది సరిగ్గా వస్తే ఇదే పిల్లితో వరసగా పుస్తకాలు వేద్దామని, అచ్చుకు ముందు నమూనాగా తీసే ప్రూఫు చూశాక ఒప్పందం రాసుకుందామని అన్నారట. "ఇంక ముసలితనం దాకా నా కాపురం ఈ పిల్లితోనే," అని అక్క మురిసిపోయింది.

ఎవరి ఫైళ్ళనైనా నేను పేజీల వరసలో కాకుండా గీసిన తేదీల వరసలో తెరుస్తాను. తప్పు ఎక్కడ మొదలైందో అలా తెలిసిపోతుంది, ఒక్కసారే తిట్టుకోవచ్చు. అక్క మొదట గీసినవి బంగారం. తర్వాత ఒక బొమ్మలో ఎడమ అంచున ఇటుకలకు గీతలున్నాయి, రంగు లేదు. హడావుడిలో వదిలేసిందనుకున్నాను. ఆ తర్వాతి దాంట్లో కుడివైపు వాన ఆగిపోయింది. పిల్లి మీద, దీపస్తంభం మీద, నీటిగుంటలో చినుకు చినుకుగా వాన ఉంది. అంచుకు వచ్చేసరికి వట్టి బూడిదరంగు. ఇంకో దాంట్లో కిటికీ చట్రానికి మూడు పక్కలే ఉన్నాయి. చివర్లో గీసిన బొమ్మల్లో నడిమధ్యన పిల్లి మీసాలు ఒక్కొక్కటీ విడిగా కనబడుతున్నాయి, మూలలు ఖాళీ. బ్లీడ్ మాట దేవుడెరుగు, కోతగీత లోపలే బొమ్మ అయిపోయింది.

అక్క బద్ధకించే మనిషి కాదు. అక్కకు అంచులు కనబడటంలేదు.

అమ్మకు అలాగే మొదలైంది. మాకు జడలు వేస్తూ, పక్కనే పెట్టుకున్న దువ్వెన కోసం వెతికేది. తలుపుకు భుజం కొట్టుకుని తలుపును తిట్టేది. చీకటి పడితే గడప దాటేది కాదు. కంటి లోపలి పొర అంచుల నుంచి మధ్యకు చచ్చిపోతూ వస్తుందని, మందు లేదని డాక్టరు చెప్పాడు. చివరి రోజుల్లో అమ్మ గుప్పిట్లోంచి చూసినట్టు చూసేది. మా ముఖాల్లో ఒకసారి ముక్కు, ఒకసారి కన్ను. పిల్లలకూ రావచ్చు, ఏటేటా చూపించుకోండి అన్నారు. అమ్మ ఉన్నన్నాళ్ళూ వెళ్ళాం. ఇద్దరికీ ఏమీ లేదన్నారు. అమ్మ పోయాక మానేశాం. మానేశామని ఒకళ్ళతో ఒకళ్ళం అనుకోలేదు కూడా.

ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. భయం కూడా వేయలేదు. పంటికి మత్తిచ్చాక బుగ్గ తడుముకుంటే ఎవరి బుగ్గో అనిపిస్తుంది కదా, అలా ఉంది. డబ్బా తెరిచి భోజనం చేశాను. డబ్బా కడిగి పెట్టాను. వచ్చి కూర్చుని అక్కకు ఫోన్ చేశాను.

"ఫైళ్ళు చూస్తున్నావా?" అంది, పలకరింపైనా లేకుండా.

"చూస్తున్నా. బ్లీడ్ ఇచ్చావా అక్కా?"

"నన్నే అడుగుతున్నావా? ఎప్పుడైనా ఇవ్వకుండా పంపించానా?"

"ఊరికే అడిగాలే."

"ఊరికే అడిగే మొహమా నీది! ఏమైనా తేడాగా ఉందా?"

నోటిదాకా వచ్చింది. "ఏం లేదు. పిల్లి బాగుంది," అన్నాను.

"పిల్లి సంగతి నాకు తెలుసులే. ఎల్లుండి పబ్లిషర్ గారితో వస్తున్నా. ప్రూఫులు తయారుగా పెట్టు."

తనకు తెలియదని తేలిపోయింది. ఫైళ్ళు తిప్పి పంపిస్తే తెలిసిపోతుంది. ఇలాగే ప్రూఫు తీస్తే పబ్లిషర్ గారికి తెలిసిపోతుంది. అంచులు కనబడని మనిషికి వరసగా పుస్తకాలు ఎవరిస్తారు? బొమ్మలు తప్ప అక్కకు ఇంకో పని రాదు, ఇంకో సరదా లేదు. "మీ అక్క నన్ను చూసినదానికంటే ఆ తెరను చూసిందే ఎక్కువ," అని బావ నవ్వుతూనే దెప్పుతుంటాడు. ఒప్పందం మీద సంతకాలు అయ్యేదాకా ఈ సంగతి నా దగ్గరే ఉండాలి. ఆ నిర్ణయానికి నేను పెద్దగా కష్టపడలేదు. ఆ పూట ఏదీ కష్టంగా లేదు.

అంచులు నేనే నింపడం మొదలుపెట్టాను. అక్క వాడే కుంచెలన్నీ నా కంప్యూటర్లో ఉన్నాయి, ఎప్పుడో తనే ఎక్కించింది. నాకు బొమ్మలు రావు. కానీ చిన్నప్పటి నుంచి పక్కన కూర్చుని చూసిన చెయ్యి అది. ఇటుకకు పైఅంచు ముదురుగా ఉంటుంది, కింద తడిసినట్టు చెదిరిపోతుంది. వాన గీత నిటారుగా ఉండదు, కాస్త ఎడమకు వాలి చివర తెగిపోతుంది. ఇటుక తర్వాత ఇటుక, చినుకు తర్వాత చినుకు. అక్క గుర్తొస్తోందా అంటే లేదు. చెయ్యి నడుస్తోంది, అంతే. మర్నాడు కూడా అదే పని.

మా ప్రెస్సులో ప్లేట్లు చేసే ఆయనను అందరం తొందరరావు అంటాం. నెల ముందే పుట్టేశాడని వాళ్ళావిడే చెప్పింది. ఆయన వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"మేడమ్, పిల్లి ఇల్లు చేరిందా? నా మిషన్ ఖాళీగా ఏడుస్తోంది."

"ఏడవనీ. రేపు ప్రూఫు ఒప్పుకున్నాకే మీకు ప్లేట్లు."

"మీ అక్కగారి పనైతే అరపూటలో తెమిలిపోయేదిగా ఎప్పుడూ?"

నేను లేచాను. నాలుగడుగులు వేశానో లేదో మోకాలు స్టూలుకు ఠపీమని తగిలింది. నాకు తిక్క రేగింది. "నడిచే దారిలో అడ్డదిడ్డంగా ఇవేంటండీ? నిన్న బకెట్టు, ఇవాళ స్టూలు! నా కాళ్ళు విరగ్గొడితే గానీ మీకు తోచదా?"

"స్టూలు పొద్దుట్నుంచీ అక్కడే ఉంది మేడమ్," అన్నాడు ఆయన, చేతులు వెనక్కి కట్టుకుని.

"ఉంటే మాత్రం?" అన్నాను.

మోకాలు వాచింది. నొప్పి ఉందని తెలుస్తోంది గానీ అది నాది కానట్టే ఉంది. సాయంత్రానికి అంచులన్నీ అయ్యాయి. తనిఖీ ప్రోగ్రాం నడిపిస్తే అన్నిటికీ పచ్చటిక్కులు పడ్డాయి. పెద్ద కాగితాల మీద ప్రూఫులు తీసి బల్ల మీద పరిచాను.

మర్నాడు అక్క, పబ్లిషర్ గారు కలిసే వచ్చారు. ఆయన పెద్దమనిషి, నెమ్మదస్తుడు. మొదటి రెండు మూడు కాగితాలు ఎత్తి చేయి చాపి చూసి, "ఈ వాన చూడండమ్మా, నేనే తడిసిపోతున్నట్టుంది," అన్నారు. ఆయన మెచ్చుకున్న వాన కుడి అంచుది. ఒప్పందం సంగతి చివర్లో మాట్లాడుకుందామని, కాగితం ధర కనుక్కోవడానికి మా ఓనరు గదిలోకి వెళ్ళారు. గట్టెక్కామనుకున్నాను. సంతోషం రావాలి, రాలేదు.

అక్క బల్ల దగ్గరే ఉండిపోయింది. మొదటి కాగితం ముందు నిలబడి, గడ్డాన్ని ఎడమ భుజం వైపు నుంచి కుడి భుజం దాకా మెల్లగా తెచ్చింది. కాస్త కిందికి దించి మళ్ళీ వెనక్కి. గది ఊడ్చినట్టు, ఒక వరస తర్వాత ఇంకో వరస. అక్క అలా చూడగా నేనెప్పుడూ చూడలేదు.

"ఈ గోడ నేను వెయ్యలేదు," అంది.

వేలితో ఇటుకల వరసను తడిమింది.

"ఇటుకలు మరీ శ్రద్ధగా వేశావే. నేనైతే ఇన్ని వెయ్యను."

"నీకు తెలుసా?" అన్నాను.

"డాక్టరు చెప్పి నెల దాటింది. బావకూ తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వూ వెళ్ళి చూపించుకోవాలిగా. నీకు భయం పెట్టడమెందుకని. మా ఇద్దరికీ చాలు, నీదాకా ఎందుకు అనుకున్నా." మా ఇద్దరికీ అంటే అమ్మకూ తనకూ అని.

"మరి ఫోన్లో బ్లీడ్ ఇచ్చానన్నావు?"

"ఇచ్చాననే అనుకున్నానే. ఇలా తల తిప్పుతూ చూడటం మొన్ననే నేర్పించారు. అప్పటికే బొమ్మలు నీకు పంపేశాను."

"ఆయనకు చెప్పకు. సంతకాలు అవనీ."

"ఇవాళే చెబుతా. నువ్వు నా అంచులు నింపుతూ ఎన్ని పుస్తకాలు లాగిస్తావు?" అంది. గొంతు మామూలుగానే ఉంది. మళ్ళీ కాగితాల మీదికి వంగింది. ఒక్కొక్కటే చూసుకుంటూ చివరి దాని దగ్గర ఆగిపోయింది. పిల్లి ఎవరింట్లోనో నిద్రపోయే బొమ్మ అది.

"ఈ మూల తెల్లగా వదిలేశావే."

"ఏ మూల?"

"పైన, కుడివైపు."

చూశాను. పిల్లి ఉంది, దుప్పటి ఉంది, దీపం ఉంది. "అంతా ఉందిగా," అన్నాను.

అక్క నా గడ్డం పట్టుకుని ముఖాన్ని పైకి, కుడికి తిప్పింది. అప్పుడు వచ్చింది ఆ మూల. అరచేయంత తెలుపు. కోతగీత దాని మధ్యలోంచి పోతోంది. సగంరోజు నేను ఆ బొమ్మ ముందే కూర్చున్నాను. తనిఖీ ప్రోగ్రాంకు తెలుపు కూడా రంగే. బొమ్మ అంచు దాటిందా లేదా అన్నదే అది చూస్తుంది.

"మరిచిపోయాను. హడావుడిలో..."

"నువ్వా మరిచిపోయేది?" అంది అక్క. నన్ను తనవైపు తిప్పుకుంది. "నా ముక్కు వంకే చూడు. తల కదపకు. నా చెయ్యి కనబడగానే చెప్పు."

అక్క కుడిచెయ్యి నా చెవి పక్కకు వెళ్ళడం వరకు చూశాను. తర్వాత లేదు. అక్క ముక్కునే చూస్తూ నిలబడ్డాను. పక్కగదిలో కటింగ్ మిషన్ దిగుతోంది, లేస్తోంది. అక్క ఇంకా చెయ్యి కదపలేదేమో అనుకున్నాను. ఇంకా మొదలుపెట్టలేదా అని అడగబోయేంతలో వేళ్ళు కనబడ్డాయి.

"ఇదిగో," అన్నాను.

ఆ వేళ్ళు దాదాపు నా కంటి ముందే ఉన్నాయి. ఎప్పటి నుంచో ఆడిస్తున్నట్టు ఉంది, అలిసిపోయి ఉన్నాయి.

అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎన్నాళ్ళనుంచే?" అంది.

నాకు తెలియదు. తెలియదని చెప్పబోయాను. ఏడుపు వచ్చింది. మూడురోజులుగా రానిదంతా ఒక్కసారే వచ్చింది. అక్క కోసం ఏడుస్తున్నానో నా కోసమో, అమ్మ కోసమో నాకే తెలియలేదు. అక్క నా తల తన భుజానికి ఆనించుకుని, చిన్నప్పుడు జడ విప్పేటప్పటిలా జుట్టు సవరిస్తూ ఉండిపోయింది.

తొందరరావు తలుపులోంచి తొంగిచూశాడు. "మేడమ్, ప్లేట్లు..." అని, మమ్మల్ని చూసి ఆపేశాడు.

"ఒక్క మూల మిగిలిందండీ. అది అయ్యాక ఇస్తాం," అంది అక్క.

పబ్లిషర్ గారు బయటికి రాగానే అక్క చెప్పేసింది, తన సంగతి మాత్రమే. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "ముందీ పుస్తకం కానిద్దామమ్మా," అన్నారు. ఒప్పందం మాట ఎత్తకుండా వెళ్ళిపోయారు. అక్క కాసేపు ఆ తలుపు వైపే చూసి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"రేపు పొద్దున్నే నాతో డాక్టరు దగ్గరికి వస్తున్నావు," అంది.

"సరే."

"ఇప్పుడు ఆ మూల గోడ వెయ్యి. నేను చూస్తుంటా."

నేను గీస్తున్నాను. అక్క తల తిప్పుతూ చూసి, "ఇంకా పైకి, ఇంకొంచెం కుడికి," అంటోంది. కొన్నిసార్లు తనకూ ఆ చోటు దొరకడంలేదు, ఆగి మళ్ళీ మొదటి వరస నుంచి వెతుకుతోంది. ఆ కాస్త మూల నింపడానికి మా ఇద్దరికీ సాయంత్రం దాకా పట్టింది.