దొంగపేరుతో కుస్కోకి

నెలిదాను చూస్తే వారాంతపు విహారానికి ఏర్పాట్లు చేసుకుంటున్నట్టు లేదు. జైలు గోడ దూకడానికి పథకం వేస్తున్నట్టుంది.

లీమాలోని తన ఇంట్లో, భోజనాల బల్ల మీద కుస్కో పటం పరుచుకుని కూర్చుంది. శాన్ పెద్రో బజారుకు వెళ్ళకూడదు, అక్కడ సాతుర్నినా వాళ్ళక్క జున్ను అమ్ముతుంది. శాన్ హెరోనిమో వైపు తొంగి కూడా చూడకూడదు, సాతుర్నినా ఇల్లే అక్కడ. ఆదివారం పెద్ద చర్చి మెట్ల దగ్గర నిలబడకూడదు. ఇక మిగిలింది శాన్ బ్లాస్ కొండ. ఆ ఎత్తు సందుల్లో పరదేశీయులు తప్ప తెలిసిన మొహం ఎదురుపడదు.

"పుట్టిన ఊరికి వెళ్తూ ఇన్ని లెక్కలేంటి నెలీ?" అన్నాడు ఆమె భర్త రోములో. "బజారులో పంది వేపుడు తినకుండా తిరిగొస్తే ఆఫీసులో నన్ను బతకనిస్తారా?"

"బజారంతా మురికి."

"పెళ్ళికి ముందు రోజూ అక్కడే తినేదాన్నని చెప్పావుగా?"

"తిన్నాను కాబట్టే చెబుతున్నా."

రోములో నవ్వి ఊరుకున్నాడు. సముద్రం ఒడ్డున పుట్టిపెరిగినవాడు. కొండల మీద ఊరు చూడాలని పెళ్ళయిన దగ్గర్నుంచీ పోరుతున్నాడు. ఇన్నాళ్ళూ ఏదో ఒక వంకతో తప్పించుకుంది. ఈసారి విమానం టికెట్లు కొనేసి మరీ చెప్పాడు.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. నెలిదా, సాతుర్నినా పెళ్ళిళ్ళకు ముందు ఒకే రొట్టెల బట్టీలో పక్కపక్కన నిలబడి పిండి పిసికారు. సాతుర్నినాకు కొడుకు పుట్టినప్పుడు, వాడి పుట్టువెంట్రుకల మీద మొదటి కత్తెర నెలిదాదేనని మాట ఇచ్చిపుచ్చుకున్నారు. అప్పట్నుంచి ఒకరికొకరు కొమాద్రెలు, అంటే బిడ్డను కన్నతల్లీ జ్ఞానతల్లీ కలుపుకునే వరస. పేరు పెట్టి పిలుచుకోవడం మాని, మీరు అని సంబోధించుకోవడం మొదలుపెట్టారు. జ్ఞానతల్లి వచ్చి మొదటి పాయ కత్తిరించేదాకా బిడ్డ జుట్టుకు మరొకరు కత్తెర పెట్టరు.

మొదటి ఏడు నెలిదాకు సెలవు దొరకలేదు. రెండో ఏడు ఫోన్ మోగితే, ఏం చెప్పాలో తోచక ఎత్తలేదు. ఎత్తనందుకు సిగ్గేసి తర్వాతిదీ ఎత్తలేదు. ఆ తర్వాత నంబరే మార్చేసింది. ఆ పిల్లాడు విల్బెర్‌కిప్పుడు ఆరేళ్ళు. జుట్టు నడుము దాకా వచ్చి ఉంటుంది. వచ్చే నెల బడులు తెరుస్తారు. జడలతో బడికి వెళ్ళే మగపిల్లాణ్ణి తోటివాళ్ళు ఏమంటారో కుస్కోలో పెరిగిన మనిషికి వేరే చెప్పక్కర్లేదు.

ఇంటర్నెట్‌లో శాన్ బ్లాస్‌లోని ఒక చిన్న అతిథిగృహం నంబరు పట్టుకుని ఫోన్ చేసింది. లైన్లో గరగర. అవతల ఎవరో ఆడమనిషి.

"శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఒక గది కావాలి. ఇద్దరం."

"ఉందమ్మా. కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది."

"పొద్దున టిఫిన్‌లోకి ఒరొపేసా రొట్టె పెడతారా? ముందురోజుది కాదు. అడుగున తవుడు అంటుకుని ఉండాలి."

అవతల కాసేపు గరగర తప్ప ఏమీ వినిపించలేదు.

"ఎవరి పేరు రాసుకోమంటారు?"

కుస్కో ఎంత పెద్దదైనా నోళ్ళు ఊరుకోవు. నెలిదా నాలుక మీదికి ఏది వస్తే అది అనేసింది. "రొసౌరా. రొసౌరా పాల్మా."

"రొసౌరా గారు," అంది ఆ గొంతు మెల్లగా. "రండి. ఎదురుచూస్తుంటాం."

శుక్రవారం మధ్యాహ్నం టాక్సీ సందు మొదట్లో దింపేసింది. పది అడుగులు వేసేసరికి రోములో గోడకు చేరగిలబడ్డాడు.

"ఇక్కడ గాలి కూడా కొనుక్కోవాలా?"

"మాట్లాడకుండా నడువు."

నీలం తలుపు తోసింది. వాకిలి నిండా మనుషులు. తాడుకు రంగు కాగితాలు, మూలన బీరు పెట్టెలు, వేగుతున్న గినీపందుల వాసన. మధ్యలో కుర్చీ మీద ఒక పిల్లాడు. తల నిండా సన్నని జడలు, ఒక్కో జడకు ఒక్కో రిబ్బను. పక్కన పళ్ళెం, పళ్ళెంలో కత్తెర. పళ్ళెం పట్టుకున్నది సాతుర్నినా.

"కొమాద్రె!"

వాకిలంతా చప్పట్లు. మంచులా బిగుసుకుపోయిన నెలిదాను ఎవరెవరో కావలించుకున్నారు. తలమీద పూలరేకులు చల్లారు. టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, సాతుర్నినా మేనమామట, గ్లాసు పైకెత్తాడు.

"దొంగపేరు పెట్టుకుని మరీ వచ్చింది! మమ్మల్ని అదరగొట్టాలని! ఓ రొసౌరమ్మా, ఇన్నేళ్ళు ఊరించింది దీని కోసమేనటే!"

"రొసౌరా ఎవరు?" అన్నాడు రోములో ఆయాసపడుతూ.

"అయ్యో, మొగుడిక్కూడా చెప్పలేదు!" జనం మరింత నవ్వారు.

సాతుర్నినా ఆమె చెయ్యి పట్టుకుని "మొహం కడుక్కుందురు గాని రండి" అని వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు మూసింది. ఇద్దరే మిగిలారు. ఇక్కడ సాతుర్నినా నవ్వడం లేదు.

"ఈ ఇల్లు ఏడాది కిందట అద్దెకు తీసుకుని నడుపుతున్నా. మీకు తెలియదు. ఎలా తెలుస్తుంది?"

"కొమాద్రె, నేను..."

"రొట్టె అడుగున తవుడుండాలన్నారు చూడండి, బట్టీలో రోజూ మీరనే మాట, అప్పుడు గుర్తుపట్టా. సంతోషంతో నా నోట మాట రాలేదు. ఆ తర్వాత మీరు పేరు చెప్పారు." సాతుర్నినా పొయ్యి వైపు తిరిగి గరిటె తిప్పింది. "వాడు పక్కనే ఉన్నాడు. ఎవరమ్మా అన్నాడు. మీ జ్ఞానతల్లిరా, మనల్ని ఆటపట్టిస్తోంది అనేశాను. నేను కంచం కడిగేలోపు సందంతా తిరిగి చెప్పొచ్చాడు. ఇంకేం చేయను? అందర్నీ పిలిచాను."

నెలిదాకు నేల పగిలి మింగేస్తే బాగుండుననిపించింది.

"పెరటి తలుపు అటుంది," అంది సాతుర్నినా. "ఇంత ఎత్తుకు వచ్చేసరికి గుండె పట్టేసిందని చెబుతాను, నమ్ముతారు. మీ సంచులు పంపిస్తాను. ఈసారి మాత్రం పూర్తిగా వెళ్ళిపోండి. వాడి ముందు మీ పేరు మళ్ళీ ఎత్తను. రేపు మా అక్క కత్తిరిస్తుంది."

పెరటి తలుపుకు గడియ కూడా లేదు. నెలిదా దానివంక చూసింది. ఆమె చూడటం సాతుర్నినా చూసింది. నెలిదాకు అది అన్నిటికంటే ఘోరంగా తోచింది.

"కత్తెరేది?" అంది నెలిదా.

"బయట పళ్ళెంలోనే ఉంది."

వాకిట్లోకి వచ్చి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. విల్బెర్ ఆమెను తేరిపార చూశాడు.

"ఫోటోలో మీరు సన్నగా ఉన్నారు."

"అవును."

"నొప్పి పుడుతుందా?"

"నీకు పుట్టదు నాన్నా."

నుదుటి మీది మొదటి జడ పట్టుకుంది. కత్తెర రెండుసార్లు జారింది. "పట్నంలో తిండి పెట్టడం లేదా ఏంటి!" అని మేనమామ వేళాకోళం చేశాడు. మూడోసారికి జడ తెగింది. దాన్ని పళ్ళెంలో పెట్టింది. జ్ఞానతల్లి ఆ పక్కనే తన కానుక పెట్టాలి. ఆమె వెంట ఏమీ లేదు. సంగతి సగమే అర్థమైనా రోములో జేబులు తడిమి, విహారానికని తెచ్చిందంతా తీసి పళ్ళెంలో పెట్టాడు.

"చూశారా, మనసున్న మనుషులు!" అన్నాడు మేనమామ.

కత్తెర చేతులు మారింది. ఒక్కో జడ తెగినప్పుడల్లా ఒకరు లేచి, లీమా నుంచి దొంగచాటుగా వచ్చిన కొమాద్రె పేరు మీద తాగుదామన్నారు. ప్రతిసారీ ఆమె కూడా తాగాల్సి వచ్చింది. ప్రతిసారీ గ్లాసు నింపింది సాతుర్నినాయే, నిండా, ఒక్క చుక్క తగ్గించకుండా, ఆమె మొహంలోకి చూడకుండా. ఒకసారి రోములో చెవిలో అడిగాడు. "ఇంత మంచి పని చేస్తూ నాకెందుకు దాచావే?" ఆమె మళ్ళీ గ్లాసు ఎత్తింది.

చివరి జడ కూడా తెగాక విల్బెర్ మెడ తడుముకుంటూ వాకిలంతా పరుగెత్తాడు. ఆగి, వాళ్ళ దగ్గరికి వచ్చి కొంగు పట్టుకున్నట్టు నెలిదా శాలువా అంచు పట్టుకున్నాడు.

"మళ్ళీ వచ్చేటప్పుడు కూడా ఇలాగే వేరే పేరు చెప్పండి. ఈసారి నేనే కనిపెడతా."

"లేదు నాన్నా. నా పేరే చెప్పి వస్తాను."

"అలా అయితే మజా ఏముంటుంది?" అన్నాడు విల్బెర్ మొహం ముడుచుకుని.

చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. సాతుర్నినా గ్లాసులు తీస్తూనే ఉంది. నెలిదా తలెత్తలేదు.