నాలుగో మేకు

ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన బంగారయ్య సైకిలు గోడకి ఆనించి, బూట్లయినా విప్పకుండా, వసారాలోని గునపం, పార తీసుకున్నాడు. చేతులు కడిగినా గోళ్ళలో గ్రీజు అలాగే ఉంది. యాభై ఆరేళ్ళ మనిషి. భుజాలు ఒంగిపోయాయి. ఎడమ చిటికెనవేలు సగమే ఉంది. భిలాయి ఉక్కు ప్లాంటులో బరువులెత్తే ఖలాసీగా చేరి ఖలాసీగానే ఉండిపోయాడు. ప్రమోషన్ తీసుకుంటే ఆదివారం సెలవు పోతుందని వద్దన్న మహానుభావుడు మరి. అక్కడి తెలుగు క్రైస్తవ సంఘానికి జీతంలేని ఉపదేశి అతనే. పోయినవాళ్ళకి స్నానం చేయించేదీ, గొయ్యి తవ్వేదీ అతనే.

క్వార్టర్లో తనదంటూ ఏదీ మిగుల్చుకోలేదు. ముందు గది ప్రార్థనకి ఇచ్చాడు. ఊరి నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి మంచం ఇచ్చాడు. భార్య రమణమ్మ పదహారేళ్ళు వంటగదిలో చాప మీద పడుకుంది. ఎనిమిదేళ్ళ కిందట, ఆస్పత్రిలో, పోయేముందు, ఆవిడ మొదటిసారి ఒకటి అడిగింది.

"అన్నీ అందరికీ ఇచ్చీసినావు. సచ్చినాకైనా నా పక్కన నువ్వే ఉండు. ఆ సోటు ఎవులికీ ఇవ్వకు."

సరేనన్నాడు. సంఘం ఆచారం ప్రకారం భార్య సమాధి పక్క స్థలం భర్తదే. ఫోర్‌మన్‌ని అడిగి తెచ్చుకున్న తుక్కు కమ్మీని నాలుగు ముక్కలు చేయించి, ఆ స్థలానికి నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టాడు. లోకంలో బంగారయ్య నాదీ అనుకున్నది ఆ కాస్త నేలే.

ఆ రోజు పోయినవాడు క్యాంపులో ఉండే కాంట్రాక్టు కూలీ, అప్పలనరసమ్మ మొగుడు. కామెర్లు. మొగుడూ పెళ్ళాలు ప్రార్థనకి వచ్చింది రెండేసార్లు.

మూడు రోజులుగా వాన. సమాధుల తోటలో దిగువనే ఖాళీ ఉంది, అదీ నల్లరేగడి. మూడడుగులు తవ్వేసరికి నీళ్ళు ఊరాయి. బకెట్లతో తోడితే మళ్ళీ ఊరాయి. సంఘం కార్యదర్శి రాజగోపాల్, ప్లాంటులో ఆఫీసరు, గొడుగు కింద నొచ్చుకుంటూ నిలబడ్డాడు. మెరకనున్న స్థలాలన్నీ ఎవరెవరివో, ఒకరి హక్కు ఇంకొకరికి ఎలా ఇవ్వగలమన్నాడు. ఆయన అన్నదీ నిజమే.

అప్పలనరసమ్మ గోతిలోకి చూసింది.

"నా మనిషిని నీట్లో ఎట్టీకండి బాబూ," అంది.

బంగారయ్య మెరక ఎక్కి రమణమ్మ సమాధి దగ్గరికి వెళ్ళాడు. తన హక్కు వదులుకోవడం అతనికి అలవాటే, అందులో బాధ ఏనాడో అరిగిపోయింది. ఇది అలా కాదు. ఇందులో సగం రమణమ్మది. ఆవిడదాన్ని ఆవిడని అడక్కుండా ఇచ్చెయ్యడం ఏ సేవ కిందకి వస్తుందో అతనికి బోధపడలేదు. నిజం చెప్పాలంటే, ఏమీ విననట్టు ఇంటికి పోదామనే అనిపించింది.

వంగి ఒక మేకు ఊపి లాగాడు. తర్వాత రెండోది, మూడోది. నాలుగోది రమణమ్మ తలవైపు ఉంది. దాని మీద చెయ్యి వేసి, తియ్యకుండానే లేచాడు.

"ఇక్కడ తవ్వీస్తాను సార్," అన్నాడు, తల ఎత్తకుండా.

సాయంత్రానికి పని పూర్తయింది. అప్పలనరసమ్మ దణ్ణం పెట్టబోతే, ఇంటికెళ్ళి ఏదైనా తినమని పంపేశాడు. తను మాత్రం వండుకోలేదు. వంటగదిలో రమణమ్మ చాప పరుచుకుని, తడిబట్టలతోనే కూర్చున్నాడు.

"ఇచ్చీసినానే," అన్నాడు.

ఆ తడికి పట్టుకున్న జ్వరం వదల్లేదు. పన్నెండో రోజున, డ్యూటీకి రాలేదేమని తోటి ఖలాసీ వచ్చి చూస్తే, ఆ చాప మీదే పోయి ఉన్నాడు. వాన ఇంకా కురుస్తూనే ఉంది. మెరకన తమ స్థలం ఇస్తామని ఎవరూ అనలేదు. దిగువన నీళ్ళు తోడి తోడి పెట్టె దించారు. అందరూ బకెట్లు కింద పెట్టాక కూడా అప్పలనరసమ్మ ఒక్కతే తోడుతూ ఉండిపోయింది.

పైన, రమణమ్మ తలవైపు, నాలుగో మేకు వానకి తుప్పుపట్టి అలాగే దిగబడి ఉంది.